ల్యాప్‌టాప్ వేడెక్కితే తప్పు మనదేనా?

సంచిక కమిటీ తమ్ముళ్ళు ఫోను చేసి "అన్నా, ఈసారి మీరు తప్పకుండా రాయల్ల" అని అడిగారు. మన వార్షికోత్సవ సంచికలో పాత విద్యార్థులు ఏమి రాస్తారో మీకు తెలిసిందే. విద్య విలువ, క్రమశిక్షణ, హాస్టల్ తీపి జ్ఞాపకాలు. నేనూ అలాంటివి ఇంతకు ముందు రెండు రాశాను. ఈసారి ల్యాప్‌టాప్ గురించి రాస్తున్నాను. నవ్వుకోకండి, కారణం చెబుతాను.

పోయిన వార్షికోత్సవం నాడు భోజనాలు అయిన తరువాత వరండాలో కూర్చున్నాము. డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు తువ్వాలలో చుట్టిన ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. "అన్నా, ఇది అర్ధగంటకే కాల్తాంది, తరువాత దానంతట అదే ఆగిపోతాంది" అన్నాడు. బిల్లు ఉందా అని అడిగితే ఉందన్నాడు. వారంటీ? ఇంకా నాలుగు నెలలు ఉంది. మరి సర్వీస్ సెంటర్‌కు ఎందుకు పోలేదు అంటే తల దించుకుని "ఏమంటారో అని" అన్నాడు.

ఆ మాటే ఈ వ్యాసానికి కారణం. ఆ భయం నాకూ ఉండేది. దానికి నేను కట్టబోయిన ధర 38,500 రూపాయలు. ఎట్లా తప్పించుకున్నానో, ఎక్కడ పూర్తిగా తప్పించుకోలేకపోయానో చెబుతాను.

మాది ఉరుకుంద. శ్రావణ మాసంలో ఈరన్న స్వామి దర్శనానికి మన జిల్లా నుంచి, కర్ణాటక నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చే ఊరు కాబట్టి మీలో చాలామంది చూసే ఉంటారు. నాయన, అమ్మ ఏటా సుగ్గికి పోయేవారు. గుంటూరు వైపు మిరప కోతకు పోయి, నెలల తరబడి పరాయి పొలాల దగ్గర గుడిసెలలో ఉండి సంపాదించుకుని వచ్చేవారు. నేను ఇంజనీరింగ్ అయిన తరువాత ఆదోనిలో గది తీసుకుని పెళ్ళి వీడియోలు ఎడిటింగు చేయడం, ఇండ్ల ప్లాన్లకు త్రీడీ బొమ్మలు తయారు చేయడం మొదలుపెట్టాను. దానికి మామూలు ల్యాప్‌టాప్ చాలదు, గ్రాఫిక్స్ కార్డు కావాలి. 2022 జూన్‌లో 72 వేలు పెట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. అందులో 30 వేలు ఆ సంవత్సరం సుగ్గి డబ్బులు. మిగిలింది నెలసరి వాయిదాలు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. "హాస్టల్ పిల్లోనికి గేమింగ్ ల్యాప్‌టాప్ ఎందుకు?" అని మా బంధువులే అన్నారు. ఆఖరికి మన సీనియర్లలో ఒకరు కూడా అన్నారు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ మనకు అందే ధరలో దొరికేది ఎక్కువగా ఆ పేరుతోనే. బ్లెండర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో త్రీడీ బొమ్మలు చేయాలన్నా, ఆటోక్యాడ్ నేర్వాలన్నా అదే పనికొస్తుంది. రాత్రి పని అయిపోయాక ఒక గంట ఆట ఆడుకుంటే కూడా నా దృష్టిలో తప్పు లేదు. పెద్దింటి పిల్లలు ఆడుకుంటే ముచ్చట, మన పిల్లలు ఆడుకుంటే దుబారా అనే లెక్క నాకు నచ్చదు.

మొదటి చలికాలం బాగానే గడిచింది. 2023 ఏప్రిల్ వచ్చింది. ఆదోనిలో ఏప్రిల్ అంటే ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు, మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెడితే కాలుతుంది. నా గది రేకుల గది. వీడియో ఎగుమతికి పెట్టి పక్కన కూర్చుంటే ఫ్యాను పిండిగిర్ని మాదిరి మోత పెట్టేది. ఇరవై నిమిషాలకు వేగం సగానికి పడిపోయేది. నలభై నిమిషాలకు తెర నల్లబడి మిషన్ ఆగిపోయేది.

మాకు దగ్గరలో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ లేదు. కొన్నప్పుడు "ఆన్‌సైట్ వారంటీ, ఇంటికే వచ్చి చేస్తారు" అని చెప్పారు. ఫోను చేస్తే "సార్, మీ పిన్ కోడుకు ఆ సదుపాయం లేదు" అన్నారు. కాబట్టి జిల్లా కేంద్రానికి నేనే మోసుకుపోయాను. చల్లని ఏసీ గదిలో టోకెన్ తీసుకుని కూర్చున్నాను. రెండు రోజుల తరువాత ఫోను వచ్చింది: "సార్, మేము నాలుగు గంటలు టెస్టు పెట్టాము. ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రాబ్లం ఏమీ లేదు, వచ్చి తీసుకెళ్ళండి." కాగితం మీద 'నో ఫాల్ట్ ఫౌండ్' అని రాసి ఇచ్చారు. నేను "థాంక్యూ సార్" అని చెప్పి మరీ వచ్చాను!

ఇంటికి వచ్చిన సాయంత్రమే మళ్ళీ ఆగిపోయింది. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ ఏసీ గదిలో అది నిజంగానే ఆగలేదు. ఇరవై నాలుగు డిగ్రీల గదిలో పరీక్షించి నలభై ఒక్క డిగ్రీల గదిలో బాగుంటుందని పంపించారు.

ల్యాప్‌టాప్‌లో వేడి సంగతి కొంచెం తెలుసుకుంటే ఇందులో కిటుకు అర్థమవుతుంది. ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్ పని చేస్తున్నంతసేపు వేడి పుడుతుంది. ఆ వేడి చిప్ పైన పూసిన థర్మల్ పేస్టు ద్వారా రాగి గొట్టాలలోకి, అక్కడి నుంచి అంచున ఉండే పలుచని లోహపు రేకులలోకి పోతుంది. ఫ్యాను అడుగు నుంచి గాలి పీల్చి ఆ రేకుల గుండా బయటకు ఊదుతుంది. అంటే చిప్‌ను చల్లబరిచేది చివరికి మన గదిలో ఉండే గాలే. గది గాలి ఎంత వేడిగా ఉంటే, ఫ్యాను వేగం అంతే ఉన్నప్పుడు, చిప్ కూడా దాదాపు అంత ఎక్కువ వేడెక్కుతుంది. ఏసీ గదిలో 82 దగ్గర నిలబడిన చిప్ మన రేకుల గదిలో వంద దగ్గరకు చేరుతుంది. ల్యాప్‌టాప్ చిప్‌లకు సాధారణంగా 95 నుంచి 105 డిగ్రీల మధ్య హద్దు పెట్టి ఉంటారు. ఆ హద్దు తగిలితే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గిస్తుంది. అప్పటికీ చల్లబడకపోతే మిషన్ ఆగిపోతుంది.

సరే, మరి కంపెనీ ఏ గదిని దృష్టిలో పెట్టుకుని దీన్ని తయారు చేసింది? ఆ రాత్రి మొదటిసారి మాన్యువల్ మొత్తం చదివాను. చివరి పేజీలలో చిన్న అక్షరాలతో ఉంది: 35 డిగ్రీల లోపు వాడవలెను. తరువాత వేరే కంపెనీల మాన్యువల్స్ కూడా చూశాను. చాలా వాటిలో అదే 35. మన పశ్చిమ కర్నూలులో మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నాలు ఆ హద్దు దాటే ఉంటాయి. ఏడాదిలో మూడు నాలుగు నెలలు పగటిపూట వాడకూడని వస్తువును మనకు పూర్తి ధరకు అమ్ముతున్నారన్నమాట. ఈ ముక్క అట్ట పెట్టె మీద లేదు, ప్రకటనలో లేదు, అమ్మిన వాళ్ళు చెప్పలేదు. పెట్టె మీద ఉన్నవి మంటలు కక్కే డ్రాగన్ బొమ్మలు, 'అత్యాధునిక కూలింగ్' అనే మాటలు.

మే మొదటి వారంలో ఒకరోజు ఆగిపోయింది, ఇక లేవలేదు. మళ్ళీ రెండు బస్సులు మారి అదే సెంటరుకు పోయాను. ఈసారి విప్పి చూశారు. నా గది జిన్నింగ్ మిల్లుల వైపు ఉంది. పత్తి రోజుల్లో ఆ వీధిలో దూది నూగు గాలిలో తేలుతూనే ఉంటుంది. ఫ్యాను వెనుక రేకులకు ఆ నూగు పెచ్చు కట్టింది. కౌంటరు దగ్గర అబ్బాయి అది చూపించి "ఇది కస్టమర్ ఇండ్యూస్డ్ డ్యామేజ్ సార్, వారంటీ రాదు. మదర్‌బోర్డు పోయింది. 38,500 అవుతుంది. వద్దనుకుంటే తనిఖీ ఫీజు 590 కట్టి తీసుకెళ్ళండి" అన్నాడు.

మిత్రులారా, నేను సంతకం పెట్టడానికి పెన్ను తీశాను. డబ్బు లేదు. అప్పు చేసి కడదామని మనసులో లెక్క కూడా వేసుకున్నాను. పెళ్ళిళ్ళ పని మూడు చేతిలో ఉంది, అడ్వాన్సు తీసుకున్నాను. కానీ పెన్ను తీసింది ఆ తొందర ఒక్కదానివల్లనే కాదు. ఆ కౌంటరు ముందు నిలబడితే నాకు మన మెస్ కిటికీ ముందు పళ్ళెం పట్టుకుని నిలబడినట్టే అనిపించింది. ఇచ్చింది తీసుకో, వెనుక లైను ఉంది, జరుగు. పదేళ్ళు ఆ లైనులో నిలబడిన వాళ్ళం. దుప్పటి ఆలస్యమైనా, ట్రంకు పెట్టె గొళ్ళెం ఊడినా "ఇచ్చిందే ఎక్కువ" అనుకోవడం మనకు అలవాటయింది. మన వార్డెన్ సార్లలో మంచివాళ్ళు ఎందరో ఉన్నారు. వారిని నేను అనడం లేదు. హాస్టల్ కూడా దయ కాదు, రాజ్యాంగం మనకిచ్చిన హక్కు నుంచి వచ్చిందే. అయినా మనం కృతజ్ఞత నేర్చుకున్నంత బాగా అడగడం నేర్చుకోలేదు. బయటికి వచ్చి సొంత డబ్బు పెట్టి కొన్న వస్తువు దగ్గర కూడా ఆ అలవాటుతోనే నిలబడుతున్నాము.

ఆ రోజు నన్ను ఆపింది మా నాయన ఫోను. ఎక్కడున్నావని అడిగితే సంగతి చెప్పాను. నాయన చదువుకోలేదు. "మోటరు వైండింగు కాలితే కౌతాళంలో మేస్త్రీ ఏమంటాడు? ఆర్నెల్లలో మళ్ళా కాలితే నాదే పూచీ అంటాడు, చేసిస్తాడు. వాళ్ళు జేసిన మిషను కాలితే మనం దేనికి కట్టల్ల?" అన్నాడు. నేను దుమ్ము సంగతి చెప్పాను. "దుమ్ము లేని ఊరు యాడుందిరా?" అని ఫోను పెట్టేశాడు.

పెన్ను జేబులో పెట్టుకుని ఆ అబ్బాయితో "మీరు చెప్పిందే కాగితం మీద రాసి ఇవ్వండి" అన్నాను. గొంతు వణికిన మాట నిజమే. అతను లోపలికి పోయి మేనేజరును అడిగి వచ్చాడు. చాలాసేపటికి జాబ్ షీట్ వచ్చింది. దాని మీద ఏముందో తెలుసా? 'ఆన్ కావడం లేదు. ధూళి గమనించబడినది.' అంతే. కస్టమర్ తప్పు అని గానీ, వారంటీ వర్తించదు అని గానీ ఎక్కడా లేదు. నోటితో అన్న మాట పెన్నుతో రాయడానికి వాళ్ళకు ధైర్యం రాలేదు. మిషన్ అక్కడే వదిలి, ఆ కాగితం తీసుకుని వచ్చేశాను.

(ఆ కౌంటరు అబ్బాయి మీద నాకు కోపం లేదు. నెల జీతగాడు. పైవాళ్ళు ఇచ్చిన మాటలే అప్పజెబుతాడు. మాటల్లో తెలిసింది, అతనూ హాస్టల్‌లో చదివినవాడేనట.)

ఆదోని కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న మన సీనియరు అన్న దగ్గరకు పోయాను. ఆయన కాగితం చూసి "దీనితోనే సగం పని అయింది" అన్నారు. కంపెనీకి ఉత్తరం రాయించారు. పెద్ద లాయరు నోటీసు కాదు, ఒక పేజీ. కొన్న తేదీ, మొదటిసారి తెచ్చిన తేదీ, 'నో ఫాల్ట్' కాగితం, రెండవ జాబ్ షీట్ అన్నీ జతచేశాము. ఏప్రిల్‌లో నేను గోడ థర్మామీటరును, ల్యాప్‌టాప్ తెర మీద చిప్ వేడిని కలిపి తీసిన వీడియో సంగతి కూడా రాశాము. అది అప్పుడు ఎందుకు తీశానో నాకే తెలియదు, స్నేహితునికి చూపించడానికి తీశాను. చివర రెండు ప్రశ్నలు అడిగాము. ఇన్ని నెలలకు ఒకసారి లోపల శుభ్రం చేయించాలని మీరు నాకు ఎక్కడైనా చెప్పారా? మొదటిసారి మీ చేతికి వచ్చినప్పుడు ఆ దుమ్ము ఎందుకు తీయలేదు? రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు తిరిగి వచ్చేటట్టు పంపాము. కాపీని ఈమెయిలులో కూడా పెట్టాము.

వారం రోజులు జవాబు లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు. వాళ్ళు తీర్పు చెప్పేవాళ్ళు కాదు, మన ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. అక్కడి నుంచి కదలిక వచ్చింది. మూడవ రోజే ఇంతవరకు నేను ఎన్నడూ వినని మర్యాదతో ఒక ఫోను: "సార్, మీ కేసు ప్రత్యేకంగా పరిశీలించాము. ఈ ఒక్కసారికి మినహాయింపుగా ఉచితంగా చేసి ఇస్తాము." మినహాయింపట! నాకు రావలసినదాన్ని నాకు బహుమతిగా ఇస్తున్నట్టు చెప్పారు. మదర్‌బోర్డు, ఫ్యానులు మార్చి ఇచ్చారు. మొత్తం 47 రోజులు పట్టింది. ఈ మధ్యలో జూన్‌లో వారంటీ గడువు తీరిపోయింది. కానీ ఫిర్యాదు తేదీ గడువు లోపలే ఉన్నట్టు కాగితం ఉంది కాబట్టి ఆ మాట ఎత్తలేకపోయారు.

ఇది గెలుపు కథగా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ 47 రోజులలో మూడు పెళ్ళిళ్ళ పని పోయింది. తీసుకున్న అడ్వాన్సులు వెనక్కి ఇచ్చాను. ఒక వాయిదా తప్పితే బ్యాంకు జరిమానా వేసింది. ఆ నష్టం ఎవరూ పూడ్చలేదు. సీనియరు అన్న "కమిషన్‌కు పోదాం, నష్టపరిహారం అడుగుదాం" అన్నారు. మిషన్ వచ్చింది చాలు అని నేనే వెనకడుగు వేశాను. మళ్ళీ అదే "ఇచ్చిందే ఎక్కువ". ఇప్పటికీ ఆ విషయంలో నా మీద నాకు చిన్నచూపే.

వేడి వల్ల మిషన్లు పాడైతే తప్పు కొన్నవాడిదే అనడం కొత్త కాదు. ప్రపంచంలో పెద్ద కంపెనీలు కూడా ఒప్పుకోవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ 360 ఆటల మిషన్లు మూడు ఎర్ర దీపాలు వెలిగి ఆగిపోతున్నాయని ఒప్పుకుని, ఆ లోపానికి వారంటీని మూడేళ్ళకు పెంచింది. దానికి వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు లెక్క చూపింది. మరుసటి ఏడాది 2008లో ఎన్‌విడియా వంతు వచ్చింది. ఆ కంపెనీ చేసిన కొన్ని ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లు మామూలు కంటే ఎక్కువగా చెడిపోయాయి. చిప్ కింద సూదిమొనంత టంకం చుక్కలు ఉంటాయి. వేడెక్కడం, చల్లబడడం, మళ్ళీ వేడెక్కడం, ఈ సాగుడు ముడుచుకోవడంలో అవి బీటలు వారాయి, మన నల్లరేగడి చేను ఎండాకాలంలో నెర్రెలిచ్చినట్టు. చిప్‌లో వాడిన పదార్థాలే బలహీనమైనవని తేలింది. మరమ్మతుల కోసం ఎన్‌విడియా 19 కోట్ల 60 లక్షల డాలర్లు పక్కన పెట్టింది. ఇందులో నాకు బాగా గుర్తుండిపోయిన సంగతి వేరే ఉంది. ల్యాప్‌టాప్‌లు అమ్మిన డెల్, హెచ్‌పీ లాంటి కంపెనీలు మొదట చేసింది ఫ్యాను ఎక్కువసేపు తిరిగేలా సాఫ్ట్‌వేరు మార్చడం. తరువాతే ఆ మోడళ్ళకు వారంటీ పొడిగించాయి. అమెరికాలో కొన్నవాళ్ళు కలిసి కోర్టుకు పోతే 2010లో రాజీ కుదిరి మరమ్మతు గానీ, బదులు మిషన్ గానీ ఇచ్చారు. ఆ రోజుల్లో మన దగ్గర అదే చిప్ ఉన్న ల్యాప్‌టాప్ పోయినవాళ్ళలో ఎంతమంది రిపేరు షాపులో వేడిగాలి పెట్టించుకుని, అది నెలకే మళ్ళీ పోతే తమ ఖర్మ అనుకున్నారో!

అయితే మన వైపు తప్పులు లేవా అంటే ఉన్నాయి. దాచుకోవలసిన పని లేదు. నేను మొదటి ఆరు నెలలు ల్యాప్‌టాప్‌ను బొంత మీద పెట్టి వాడాను. అడుగు నుంచి గాలి పీల్చే మిషన్‌ను బొంత మీద పెడితే మనిషి ముక్కు మూసినట్టే. ఇప్పుడు పీట మీద పెడుతున్నాను, వెనుక అంచు కింద రెండు చెక్క ముక్కలు. బస్సు ఎక్కేటప్పుడు పూర్తిగా ఆఫ్ చేయకుండా మూత వేసి సంచిలో పెట్టేవాణ్ణి, ఇంటికి వచ్చేసరికి సంచి లోపల అన్నం పాత్ర మాదిరి వేడిగా ఉండేది. చార్జరు రాత్రింబగళ్ళు పెట్టి ఉంచితే వేడికి బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది, ఉబ్బితే మరీ ప్రమాదం. కింది మూత పైకి లేచినట్టు కనబడితే ఇక వాడకండి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉంటుంది, వెతికి పెట్టుకోండి. ఎండాకాలం పెద్ద ఎగుమతి పనులు తెల్లవారుజామున నాలుగింటికి పెట్టడం నేను అలవాటు చేసుకున్నాను. స్టడీ అవర్‌కు లేచిన వాళ్ళమే కదా, అది కష్టం కాదు. వేగం ఒక మెట్టు తగ్గించి వాడినా ఫలితం కనబడుతుంది, పని పది నిమిషాలు ఆలస్యమవుతుంది అంతే.

దుమ్ము మాత్రం వేరే సంగతి. ఆదోనిలో జిన్నింగ్ మిల్లు పక్కన ఉండేవాళ్ళం, ఎమ్మిగనూరులో మగ్గాల ఇండ్లలో ఉండేవాళ్ళం దుమ్ము లేకుండా ఎట్లా బతుకుతాము? ఏడాదికి రెండుసార్లు ఫ్యాను శుభ్రం చేయించుకుంటే చాలు. ఊళ్ళో రిపేరు అన్న చేతిలో అది పావుగంట పని. కానీ మూత విప్పితే వారంటీ పోతుందని స్క్రూ మీద స్టిక్కరు వేసి భయపెడతారు. అమెరికాలో 2018 ఏప్రిల్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరు కంపెనీలకు ఇలాంటి షరతుల మీద హెచ్చరిక లేఖలు పంపింది. మన దేశంలో 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక కమిటీ వేసింది, ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచారు. పోర్టల్ మంచిదే. కానీ స్టిక్కరు సంగతి స్పష్టంగా చెప్పే చట్టం వచ్చేదాకా నా సలహా ఒకటే: వారంటీ లోపల ఉన్నంతకాలం మీరుగా విప్పకండి. సర్వీస్ సెంటరుకు ఈమెయిలు పెట్టి 'శుభ్రం చేసి ఇవ్వండి, లేదా మా ఊళ్ళో చేయించుకోవడానికి అనుమతి ఇవ్వండి' అని అడగండి. జవాబు ఏదైనా సరే, అది మీ చేతిలో కాగితం అవుతుంది.

చట్టం సంగతి తెలియక మనం భయపడుతున్నాము కాబట్టి నాలుగు ముక్కలు చెబుతాను. 1986లో మొదటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జూలై 20 నుంచి అమలులో ఉంది. ఇందులో మనలాంటి వాళ్ళకు పెద్ద మేలు ఒకటుంది. కంపెనీ ఆఫీసు బెంగుళూరులో ఉన్నా, ముంబయిలో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. మనకు కర్నూలులో జిల్లా కమిషన్ ఉంది. కట్టిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన రెండేళ్ళ లోపు వేయాలి. వస్తువును ల్యాబులో పరీక్ష చేయించే పని లేకపోతే మూడు నెలలలో, ఉంటే అయిదు నెలలలో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నిజంగా అంత త్వరగా తేలుతుందని నేను హామీ ఇవ్వలేను, వాయిదాలు పడతాయి. ఇంటి నుంచే కంప్యూటరులో దాఖలు చేయడానికి ఇంతకు ముందు ఈ-దాఖిల్ ఉండేది, 2025 నుంచి ఈ-జాగృతి వచ్చింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. లాభం కోసం వ్యాపారానికి కొన్న వస్తువు అయితే వినియోగదారుడు కాదని ఎదుటివాళ్ళు వాదిస్తారు. కానీ సొంత రెక్కల కష్టంతో బతుకుదెరువు కోసం కొన్నది అయితే వర్తిస్తుందని ఆ చట్టంలోనే రాసి ఉంది. నా పని ఆ కోవలోనిదే.

ఇక నా డిమాండు. మన సంచికను కంపెనీవాళ్ళు చదవరని నాకు తెలుసు, అయినా రాస్తాను. మాన్యువల్ చివర దాచిన 35 డిగ్రీల మాటను పెట్టె మీద ధర పక్కనే పెద్ద అక్షరాలతో, తెలుగులో ముద్రించాలి. వేడి ఫిర్యాదు వచ్చిన మిషన్‌ను ఏసీ గదిలో పరీక్షించి 'నో ఫాల్ట్' రాయడం మానాలి. ఆదోని, ఎమ్మిగనూరు లాంటి ఊళ్ళలో మిషన్లు అమ్మేవాళ్ళు కనీసం తీసుకుని పంపే కౌంటరైనా అక్కడ పెట్టాలి. అమ్మడానికి దూరం కాని ఊరు బాగు చేయడానికి ఎందుకు దూరమవుతుంది?

మన సంక్షేమ శాఖకు కూడా ఒక మాట. హాస్టళ్ళకు కంప్యూటర్లు ఇచ్చేటప్పుడు ఎన్ని ఇచ్చారు అన్నదానితో పాటు, పాడైతే ఎన్ని రోజులలో ఎక్కడికి వచ్చి బాగు చేస్తారు అన్నది కూడా ఒప్పందంలో రాయించి, ఆ కాగితం నోటీసు బోర్డు మీద అంటించాలి. మూలన గుడ్డ కప్పిన కంప్యూటరును మనలో చూడనివాళ్ళు ఎవరు?

తువ్వాలలో ల్యాప్‌టాప్ తెచ్చిన తమ్ముని సంగతి చెప్పలేదు కదూ. మరుసటి సోమవారం వాడే పోయాడు, నేను వెంట పోలేదు. మొదట వాడికీ 'మీ వాడకమే తప్పు' అనే చెప్పారట. "రాసి ఇవ్వండి సార్" అన్నాడట. రెండు వారాలకు ఫ్యాను మార్చి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు.

ఈ వార్షికోత్సవానికి నేను ముందు రోజే వస్తున్నాను. బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్ ఏది ఉంటే అది తెచ్చుకోండి. మిషన్ తేకపోయినా పరవాలేదు. వరండాలో కూర్చుని చదువుదాం, అవసరమైతే ఉత్తరం అక్కడే రాద్దాం. పోస్టు ఖర్చు పాత విద్యార్థులది.